చర్మం ఎలర్జీ: నెల్లూరు, ఒంగోలు వైపు తరచుగా అడిగే ప్రశ్నలు

చర్మవ్యాధుల ఓపీలో కూర్చుంటే రోజుకు పదిమందైనా ఇదే మాట అంటారు: "ఎలర్జీ అన్నారు మేడమ్, ఎన్ని మాత్రలు మింగినా తగ్గడం లేదు." చేతిలో ఒక క్యారీబ్యాగ్ ఉంటుంది. అందులో సగం నొక్కేసిన ఆయింట్‌మెంట్ ట్యూబులు, పేరున్న వైపు చిరిగిపోయిన మాత్రల స్ట్రిప్పు, ఏడాది కిందటి రక్తపరీక్ష కాగితం. దేనికి ఎలర్జీ అని అడిగితే మాత్రం జవాబు ఉండదు. ఎలర్జీ అని పేరు పెట్టినంత మాత్రాన రోగం తేలినట్టు కాదు. ఎక్కడ మొదలైంది, ఎప్పుడు మొదలైంది, ఆ రోజుల్లో చెయ్యి దేన్ని తాకింది అన్నవి తేలితేనే వైద్యం మొదలవుతుంది. ఆ సమాచారం చాలాసార్లు ల్యాబులో ఉండదు, మీ దగ్గరే ఉంటుంది. అందుకే మన వైపు జనం నన్ను అడిగే ప్రశ్నలన్నీ ఇక్కడ రాస్తున్నాను.

అసలు ఎలర్జీ అంటే ఏమిటి?

క్రిములు వస్తే తరిమేయడానికి మన ఒంట్లో ఒక కాపలా ఉంటుంది. కొందరిలో ఆ కాపలా ఏ హానీ చేయని వస్తువును కూడా శత్రువనుకుని మీద పడుతుంది. ఆ గొడవే ఎలర్జీ. 1906లో క్లెమెన్స్ వాన్ పిర్కే అనే ఆస్ట్రియా డాక్టర్ ఈ మాటను పుట్టించాడు.

చర్మం మీద ఇది ముఖ్యంగా రెండు దారుల్లో వస్తుంది. ఒకటి వెంటనే వచ్చేది. ఐజీఈ అనే యాంటీబాడీ వల్ల చర్మంలోని కణాలు హిస్టమిన్ అనే, దురద, వాపు తెచ్చే రసాయనాన్ని వదులుతాయి. నిమిషాల్లో, మహా అయితే గంటా రెండు గంటల్లో దద్దుర్లు లేస్తాయి. రెండోది నిదానంగా వచ్చేది. వస్తువు తాకిన తర్వాత ఒకటి నుంచి మూడు రోజులకు చర్మం ఎర్రబడి, సన్న నీటిపొక్కులు లేచి, రసి కారి, చివరకు పొట్టు రాలుతుంది. దీన్ని కాంటాక్ట్ డెర్మటైటిస్ అంటాం.

ఈ తేడా తెలియకే సగం తికమక. సోమవారం జుట్టుకు రంగు వేసుకుంటారు. బుధవారం పొద్దున కళ్లు వాచిపోతాయి. మంగళవారం రాత్రి తిన్న చేపల పులుసు మీద నేరం పడుతుంది.

ఇరవై ఏళ్లుగా అదే వాడుతున్నాను. ఇప్పుడు ఎందుకు పడకుండా పోయింది?

నిదానంగా వచ్చే ఎలర్జీ స్వభావమే అది. మొదటిసారి తాకినప్పుడు ఏమీ కాదు. ఎన్నో నెలలు, ఏళ్లు తాకుతూ పోయాక ఒక రోజు ఒళ్లు దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది. ఒకసారి గుర్తుపెట్టుకున్నాక సాధారణంగా మరిచిపోదు. కాబట్టి "కొత్తగా ఏమీ వాడలేదండీ" అనేది నిజమే కావచ్చు, కానీ పాత వస్తువులకు ఆ మాటతో క్లీన్ చిట్ ఇవ్వలేం. నేను పాత వాటి గురించే ముందు అడుగుతాను.

నాకున్నది ఎలర్జీయేనా? గజ్జో, తామరో కాదని ఎలా తెలుస్తుంది?

ఎలర్జీ అని చీటీ రాయించుకుని వచ్చేవారిలో చాలామందికి ఉండేది ఈ రెండింటిలో ఒకటి. అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి.

గజ్జి కంటికి కనిపించీ కనిపించని చిన్న పురుగు వల్ల వస్తుంది. దురద పగలు ఎంతున్నా రాత్రి పడుకున్నాక విపరీతం అవుతుంది. వేళ్ల సందులు, మణికట్టు, బొడ్డు చుట్టూ, చంకలు, మర్మాంగాల దగ్గర చూడండి. ఇంకా గట్టి ఆనవాలు ఇంట్లోవాళ్లు. "ఇంట్లో ఇంకెవరైనా గోక్కుంటున్నారా?" అని నేను అందరినీ అడుగుతాను. హాస్టల్ నుంచి దసరా సెలవులకు వచ్చిన పిల్లాడు, వాడి పక్కన పడుకున్న నాయనమ్మ, ఆమె ఎత్తుకున్న చంటిపాప, ఇలా ఒకరి తర్వాత ఒకరికి వచ్చిందంటే అది ఎలర్జీ కాదు. ఎలర్జీ అంటుకోదు, గజ్జి అంటుకుంటుంది. పర్మెత్రిన్ 5 శాతం క్రీమును దురద ఉన్నా లేకున్నా ఇంటిల్లిపాదీ ఒకే రాత్రి మెడ నుంచి పాదాల దాకా రాసుకోవాలి. వారం తర్వాత మళ్లీ రాయాలి. చంటిపిల్లలకు, గర్భిణులకు డాక్టర్‌ను అడిగి రాయండి. పురుగు చచ్చాక కూడా రెండు మూడు వారాలు దురద ఉంటుంది, మందు పనిచేయలేదని కంగారు పడొద్దు.

తామర ఫంగస్. గుండ్రంగా మొదలై, అంచు ఎర్రగా లేచి, మధ్యలో కాస్త మామూలుగా కనిపిస్తూ పాకుతుంది. మన ఎండలకు, చెమటకు తొడల సందులో, మొలతాడు దగ్గర, లంగా బొందు కట్టుకునే చోట ఎక్కువ. అనుమానం ఉంటే అంచు దగ్గర పొట్టును బ్లేడుతో మెల్లగా గీకి, గాజు పలక మీద కేఓహెచ్ అనే ద్రావణం చుక్క వేసి మైక్రోస్కోపులో చూస్తాం. ఫంగస్ ఉంటే సన్నని దారాల్లా కనిపిస్తుంది. ఆ గీకడంలో నొప్పి ఉండదు, పెద్ద ఖర్చూ కాదు. ఈ ఒక్క పరీక్ష ముందే చేసి ఉంటే ఎంతమంది నెలల తరబడి తప్పు మందు రాసుకోకుండా ఉండేవారో అని నాకు రోజూ అనిపిస్తుంది.

రాత్రి ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి, పొద్దున డాక్టర్ దగ్గరకు వెళ్లేసరికి ఏమీ ఉండవు. ఎలా చూపించాలి?

ఆ మాయమవడమే మాకు కావలసిన ఆనవాలు. ఫోన్‌లో ఫోటో తీయండి. ఒక దద్దురు చుట్టూ బాల్ పెన్నుతో గీత గీసి, టైము పక్కనే రాసి ఉంచండి. ఇరవై నాలుగు గంటల్లో ఆ గీత లోపల చర్మం మామూలైపోయి, దద్దుర్లు వేరే చోట లేస్తే అది అర్టికేరియా. గీత లోపల దద్దురు మర్నాడు కూడా అలాగే ఉండి, దురద కన్నా మంట ఎక్కువై, కమిలినట్టు మచ్చ మిగిలితే రక్తనాళాల వాపు కావచ్చు. దానికి చిన్న చర్మం ముక్క తీసి బయాప్సీ చేయాల్సి రావచ్చు.

ఆరు వారాల లోపు తగ్గిపోతే దాన్ని స్వల్పకాలికం అంటాం. జలుబు, జ్వరం, ఏదో ఒక మందు, తిండి లాంటివి కారణం కావచ్చు. ఆరు వారాలు దాటి వస్తూనే ఉంటే మాత్రం బయటి వస్తువు కారణం అవడం అరుదు. చాలామందిలో ఒంట్లో కాపలా తన కణాలనే కదిలిస్తూ ఉంటుంది. కొందరిలో థైరాయిడ్ తేడా కూడా తోడుగా ఉంటుంది. అలాంటివాళ్లు యాభై రకాల తిండి పరీక్షలకు డబ్బు పోయడం చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. మత్తు తక్కువగా ఉండే యాంటీహిస్టమిన్ మాత్ర రోజూ క్రమంగా వేసుకుంటే చాలామందికి అదుపులో ఉంటుంది. చాలకపోతే డోసు డాక్టర్ పెంచుతారు. దద్దుర్లు వచ్చిన రోజే వేసుకోవడం, తగ్గాక ఆపేయడం అనేదే తగ్గకపోవడానికి పెద్ద కారణం. ఒళ్లు నొప్పుల మాత్రలు కొందరిలో దీన్ని రేపుతాయి, అదీ గమనించుకోండి.

వంకాయ, గోంగూర, చేపలు మానేయాలా?

దురద అనగానే మన ఇళ్లలో మొదట పోయేది వంకాయ. తర్వాత గోంగూర, ఎండుచేపలు, గుడ్డు, పల్లీలు, చివరకు పెరుగన్నం, చారు మిగులుతాయి. పెద్దవాళ్ల చర్మవ్యాధుల్లో చాలావాటికి తిండితో సంబంధం లేదు. కాంటాక్ట్ డెర్మటైటిస్‌కు, తామరకు, గజ్జికి పథ్యం అసలే అక్కర్లేదు.

నిజంగా తిండి ఎలర్జీ అయితే అది ప్రతిసారీ వస్తుంది, త్వరగా వస్తుంది. తిన్న కొద్ది నిమిషాల నుంచి రెండు గంటల లోపు పెదవులు దురదపెట్టడం, దద్దుర్లు, వాంతి, ఆయాసం. పాలు, గుడ్డు, వేరుశనగ, జీడిపప్పు లాంటి పప్పులు, గోధుమ, సోయా, చేపలు, రొయ్యలు, పీతలు ప్రపంచమంతా ఎక్కువగా చూసే కారణాలు. మీ అనుమానం వీటిలో ఒకదాని మీద ఉంటే ఆ ఒక్కటే ఆపి డాక్టర్‌కు చెప్పండి. పెరిగే పిల్లలకు అందాజుగా పాలు, గుడ్డు, పప్పు అన్నీ మాన్పించి, రక్తం తగ్గి నీరసించిన దశలో తీసుకొస్తుంటారు. దయచేసి అలా చేయొద్దు.

రొయ్యలు ఒకసారి పడతాయి, ఒకసారి పడవు. ఇదేంటి?

రొయ్యల ఎలర్జీ ఉంటే వండినా పోదు. దానికి ముఖ్య కారణమైన ట్రోపోమయోసిన్ అనే ప్రొటీన్ వేడికి చెడదు. పీతలకూ పడకపోవచ్చు, ఎందుకంటే రెండింటిలో ఆ ప్రొటీన్ ఒకేలా ఉంటుంది. ఒకసారి పడి ఒకసారి పడకపోతే ఇంకో సంగతి చూడాలి. కానాగంతలు, తూర లాంటి చేపలను ఐసు లేకుండా ఎండలో ఉంచితే వాటిలోనే హిస్టమిన్ తయారవుతుంది. అది తిన్న కాసేపటికే మొహం ఎర్రబడి, తలనొప్పి, దద్దుర్లు వస్తాయి. ఆ కూర తిన్న నలుగురికీ వస్తుంది. అది చేప పాడవడం, మీ ఒంట్లో ఎలర్జీ కాదు.

విడవలూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువుల దగ్గర, రొయ్యలు ఒలిచే షెడ్లలో పనిచేసే ఆడవాళ్ల చేతులు వేరే కథ. రోజంతా తడి, ఐసు, బ్లీచింగ్, రొయ్య పొట్టు గీరుకోవడం. వీటిలో చాలావరకు ఒరుపు వల్ల, తడి వల్ల వచ్చే పుండ్లే. కొందరికి మాత్రం రొయ్యను పట్టుకున్న నిమిషాల్లోనే చేతులు దురదపెట్టి దద్దుర్లు లేస్తాయి. ఆ తేడా నాకు చెప్పగలిగితే ఏ పరీక్ష చేయాలో తేలిపోతుంది.

మొహం, మెడ నల్లబడి మందంగా తయారయ్యాయి, ఎండకు వెళ్తే దురద. ఇది ఎండ ఎలర్జీయా?

కావచ్చు. కానీ మన వైపు ముందు వయ్యారిభామను అనుమానించాలి. కాంగ్రెస్ గడ్డి అంటారే, అదే. 1950ల్లో మన దేశంలో కనిపించిన ఈ మొక్క ఇప్పుడు ప్రతి ఖాళీ స్థలంలో, కాలువ గట్టు మీద, పొగాకు చేను అంచున ఉంది. క్యారెట్ ఆకు లాంటి ఆకులు, తెల్లని చిన్న పూలు. ఎండిన ఆకు నుసి గాలిలో ఎగిరి ఒంటి మీద వాలుతుంది. దాన్ని చేత్తో పీకనవసరం లేదు, పక్కన నడిచినా చాలు.

ఈ సంగతి నేను పుస్తకంలో కన్నా ముందు మా ఇంట్లో నేర్చుకున్నాను. మా నాన్న కందుకూరు వైపు పొగాకు రైతు. నేను మెడిసిన్ చదివే రోజుల్లో ఆయనకు మొహం, మెడ, మోచేతుల మడతలు గరుకు తేలి నల్లబడ్డాయి. ఒక చోట ఎండ అన్నారు, ఇంకో చోట రక్తం చెడింది అన్నారు. రెండేళ్లు చేపలు మానేశారు. నెలకో ఇంజెక్షన్. వేసిన పది రోజులు మొహం తేటగా ఉండేది, తర్వాత ముందుకన్నా ఎక్కువయ్యేది. చివరికి ఒక పెద్ద డాక్టర్ ఆయన్ను కిటికీ దగ్గర నిలబెట్టి, గడ్డం పైకెత్తించి చూశారు. కళ్లు మూయమని రెప్పలను వేలితో తాకారు. చెవి వెనక చూశారు. "అయ్యా, గడ్డం కింద, రెప్పల మీద, చెవి వెనక ఎండ పడదు కదా. మరి అక్కడ ఎందుకుంది?" అన్నారు. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "గట్టు మీద గడ్డి పీకింది నేనే" అన్నారు.

ఎండ వల్ల వచ్చేది నీడపడే చోట్లను వదిలేస్తుంది. గాలిలో నుసి వల్ల వచ్చేది రెప్పలను, గడ్డం కింద భాగాన్ని, చెవి వెనక మడతను వదలదు. ఇది అద్దం ముందు మీరే చూసుకోవచ్చు. అనుమానం ఉన్న వస్తువులను వీపు మీద అంటించి చూసే పాచ్ టెస్ట్‌తో ఖాయం చేస్తాం. గడ్డిని పూత రాకముందే, ఎలర్జీ లేనివాళ్లు గ్లౌజులు వేసుకుని తీయాలి. ఎండబెట్టి తగలబెట్టొద్దు. పొలం నుంచి రాగానే స్నానం చేసి, ఆ బట్టలు వేరుగా ఉతకాలి. చాలాకాలంగా ఉన్నవాళ్లకు అజాథయోప్రిన్ లాంటి మాత్రలు కావాలి, అవి రక్తపరీక్షలు చేస్తూ డాక్టర్ చేతిమీదుగానే వాడాలి.

సిమెంటు పని, గ్రానైట్ పని చేసేవాళ్లకు చేతులు ఎందుకు పగులుతాయి?

తడి సిమెంటు ఘాటైన క్షారం. అది ఎవరి చర్మాన్నయినా కొరుకుతుంది, దానికి ఎలర్జీ ఉండనక్కర్లేదు. సిమెంటులో ఉండే క్రోమేటుకు మాత్రం కొందరికి నిజమైన ఎలర్జీ వస్తుంది. అది వచ్చాక మొండిది, పని మానేసినా కొందరికి ఏళ్ల తరబడి ఉంటుంది. తోలు చెప్పుల్లో, తోలు గ్లౌజుల్లో కూడా క్రోమియం ఉంటుంది కాబట్టి చేతులకు, పాదాలకు రెండింటికీ వచ్చిన తాపీ మేస్త్రిని నేను తప్పకుండా పాచ్ టెస్ట్‌కు పంపుతాను. చీమకుర్తి క్వారీల్లో, పాలిషింగ్ యూనిట్లలో ఎక్కువగా చూసేది రాతి పొడి, తడి కలిసి చేసే ఒరుపు. అక్కడ వాడే జిగురుల్లోని ఎపాక్సీ రెజిన్ మాత్రం పేరున్న ఎలర్జీ కారకం. పని మానేయమని చెప్పడం నాకు తేలిక, ఇల్లు గడవాల్సింది మీకు. అందుకే ఏ వస్తువు కారణమో కచ్చితంగా కనుక్కోవడం ముఖ్యం. అది తేలితే చాలాసార్లు పని మార్చకుండా గ్లౌజు రకమో, జిగురో మార్చి బయటపడొచ్చు.

ఎక్కడ వచ్చిందో చూసి కారణం చెప్పొచ్చా?

చాలా వరకు చెప్పొచ్చు, చర్మం ఇచ్చే గొప్ప సదుపాయం అదే.

పాదం మీద చెప్పు వార్ల ఆకారంలోనే, ఇంగ్లీషు వి అక్షరంలా మచ్చ పడితే రబ్బరు చెప్పులో కలిపే రసాయనం. చెవి తమ్మెలు, మెడ, బొడ్డు కింద ప్యాంటు గుండీ తగిలే చోట వస్తే నికెల్. గిల్టు నగల్లో, బెల్టు బకిల్లో అది ఉంటుంది. రెండు కనుబొమ్మల మధ్య గుండ్రంగా దురద, తర్వాత తెల్లమచ్చ అయితే స్టిక్కర్ బొట్టు జిగురు. దాన్ని బొల్లి అనుకుని ఆడపిల్లల తల్లిదండ్రులు ఎంత కుమిలిపోతారో నేను చూశాను. ముందు స్టిక్కర్ మాని చూడండి.

నుదుటి అంచు, చెవులు, రెప్పలు వాస్తే జుట్టు రంగు. మగవాళ్లకు మీసం దగ్గర. అందులోని పీపీడీ అనే రసాయనమే కారణం. పెళ్లిళ్లలో గంటలోనే నల్లగా పండే మెహందీలో కూడా దాన్నే కలుపుతారు. అసలు గోరింటాకు ఎర్రగా పండుతుంది, బొగ్గులా నల్లగా పండదు.

ఆవకాయ రోజుల్లో ఇంకో రకం వస్తారు. ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు కొసలు మాత్రమే ఎండి పగిలి ఉంటాయి. కుడిచేతిలో కత్తి, ఎడమచేతిలో వెల్లుల్లి రెబ్బ. ఎడమచేతివాటం వాళ్లకు కుడిచేతి వేళ్లకు వస్తుంది. నిజంగా ఆ మూడు వేళ్లే చెప్పేస్తాయి. మామిడి సొన పడి మూతి చుట్టూ, చేతుల మీద పొక్కులు రావడం అదే కాలంలో చూస్తాం. వేటపాలెం వైపు జీడిపిక్కలు కొట్టేవాళ్లకు తొక్కలోని నూనె చేసేదీ ఆ కోవదే. మామిడి, జీడిమామిడి ఒకే కుటుంబం.

నిమ్మకాయలు కోశాక చేతుల మీద నల్లటి చారలు పడ్డాయి. ఎలర్జీయా?

కాదు. పొదలకూరు, గూడూరు తోటల్లో పనిచేసేవాళ్లు తరచూ అడుగుతారు. నిమ్మ తొక్క రసం పడిన చర్మం మీద ఎండ తగిలితే కాలినట్టు అయి నల్లబడుతుంది. రసం కారిన దారిలోనే చార ఉంటుంది. ఎండలోకి వెళ్లేముందు చేతులు సబ్బుతో కడుక్కుంటే చాలు.

అలాగే వానల తర్వాత లైటు చుట్టూ తిరిగే చీమలాంటి సన్నని నలుపు, నారింజ రంగు పురుగును మెడ మీద నలిపితే తెల్లారేసరికి గీతలా మంట, చీముపొక్కులు లేస్తాయి. అదీ ఎలర్జీ కాదు, పురుగులోని విషరసం. రోహిణి కార్తెలో వీపున లేచే చెమటకాయలు కూడా అంతే, గాలి తగలనివ్వండి.

పాచ్ టెస్ట్ ఎలా చేస్తారు? నొప్పి ఉంటుందా?

సూది లేదు, రక్తం తీయరు. 1895లో యాడాసోన్ అనే చర్మవైద్యుడు మొదలుపెట్టిన పద్ధతే ఇంకా నిలిచి ఉంది. వీపు మీద చిన్న చిన్న అల్యూమినియం గిన్నెలు వరుసగా ఉన్న టేపు అంటిస్తాం. ఒక్కో గిన్నెలో ఒక్కో వస్తువు: నికెల్, క్రోమేటు, పీపీడీ, రబ్బరు రసాయనాలు, సువాసన ద్రవ్యాలు, పుండ్ల మీద చల్లే పౌడర్లలో ఉండే నియోమైసిన్, వయ్యారిభామ సారం. మన దేశానికి తగినట్టు తయారుచేసిన ఇండియన్ స్టాండర్డ్ సిరీస్ అనే సెట్ ఉంది.

రెండు రోజులు అది వీపునే ఉండాలి. తడవకూడదు, బరువు మోయకూడదు, చెమట పట్టకూడదు. 48 గంటలకు తీసి, చోట్లు గుర్తుపెట్టి, మొదటిసారి చూస్తాం. నాలుగో రోజు మళ్లీ చూస్తాం. ఈ రెండో చూపే ముఖ్యం. టేపు తీసిన రోజు కనిపించే ఎరుపు ఒరుపు వల్ల కావచ్చు, అది తగ్గిపోతుంది. నిజమైన ఎలర్జీ అయితే నాలుగో రోజుకు ఇంకా గట్టిపడి, వేలితో తడిమితే చిన్న గడ్డలా తగులుతుంది. మొదటి రోజే బాగుందని ఊరికి వెళ్లిపోయి మళ్లీ రానివాళ్ల టెస్టు వృథా అయినట్టే. ఉదయగిరి నుంచో, మార్కాపురం నుంచో వచ్చేవాళ్లకు మూడు ప్రయాణాలు కష్టమని నాకు తెలుసు. అయినా బతిమాలుతాను.

మేలో ఈ టెస్టు నేను సాధారణంగా పెట్టను. మన చెమటకు టేపు పూట కూడా నిలవదు. నవంబరు నుంచి ఫిబ్రవరి మంచి కాలం. వీపు మీద పుండ్లు ఉన్నా, స్టెరాయిడ్ మాత్రలు ఎక్కువ మోతాదులో వాడుతున్నా వాయిదా వేస్తాం. వీపు మీద స్టెరాయిడ్ క్రీము రాస్తుంటే వారం ముందే ఆపాలి.

మరి ప్రిక్ టెస్ట్, ఐజీఈ రక్తపరీక్ష దేనికి?

వెంటనే వచ్చే ఎలర్జీకి. ముంజేతి మీద ఒక్కో చుక్క వేసి సూదిమొనతో పైపైన గుచ్చుతారు. 15 నుంచి 20 నిమిషాల్లో దోమకాటులా ఉబ్బితే, ఆ ఉబ్బు పోలిక కోసం వేసిన ఉత్త సెలైన్ చుక్క దగ్గరి కన్నా 3 మిల్లీమీటర్లయినా ఎక్కువుంటే పాజిటివ్. యాంటీహిస్టమిన్ మాత్రలు దాదాపు వారం ముందు ఆపాలి, లేకపోతే టెస్టు ఏమీ చూపించదు. ప్రాణాపాయం వచ్చిన చరిత్ర ఉంటే అడ్రినలిన్ సిద్ధంగా ఉన్న చోటే చేయించుకోవాలి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. పాజిటివ్ అంటే ఒళ్లు ఆ వస్తువును గుర్తుపట్టిందని అర్థం, అంతే. అది తిన్నప్పుడు మీకు ఏమీ కాకపోతే అది మీకు ఎలర్జీ కాదు. మొత్తం ఐజీఈ ఎక్కువుందని భయపడే తల్లిదండ్రులు చాలామంది. కడుపులో పురుగులున్నా అది పెరుగుతుంది. ఐజీజీ అనే ఇంకో రకం యాంటీబాడీ చూసి వంద తిండి పదార్థాల జాబితా ఇచ్చే ప్యానెళ్లతో తిండి ఎలర్జీ తేలదు. మనం తినేవాటికి ఐజీజీ ఉండటం మామూలే. ముందు అనుమానం, తర్వాత దానికి తగిన పరీక్ష. ఈ వరుస తిరగబడితే కాగితం నిండా ఎర్ర అంకెలు మిగులుతాయి, దురద అలాగే ఉంటుంది.

చంటిపాపకు బుగ్గలు ఎర్రబడి రసి కారుతోంది. పెద్దయ్యాక పోతుందా?

ఎటోపిక్ ఎగ్జిమా కావచ్చు. చిన్నప్పుడు బుగ్గలు, తర్వాత మోచేతి, మోకాలి మడతలు. ఇంట్లో ఎవరికైనా ఉబ్బసం, తుమ్ములు ఉంటే ఇంకా అనుమానించాలి. దీన్ని చూసి, చరిత్ర విని నిర్ధారిస్తాం, దానికని ప్రత్యేక రక్తపరీక్ష లేదు. చాలామంది పిల్లలకు ఎదిగేకొద్దీ తగ్గుతుంది. ఈ పిల్లల చర్మం నీటిని పట్టి ఉంచలేదు. గోరువెచ్చని నీళ్లతో తక్కువసేపు పోసి, తుడిచీ తుడవని ఒంటి మీదే మాయిశ్చరైజర్ దట్టంగా రాయాలి. నలుగు, సున్నిపిండి రుద్దొద్దు. వేపాకు నూరి పూయడం కూడా పగిలిన చర్మానికి మంటే.

మెడికల్ షాపులో ఇచ్చిన ఆయింట్‌మెంట్ రాస్తే రెండు రోజుల్లో తగ్గింది. మళ్లీ అదే కొనుక్కోవచ్చా?

వద్దు. ఆ ట్యూబు మీద క్లోబెటసాల్, బీటామెథాసోన్ లాంటి పేరు, పక్కనే ఒక ఫంగస్ మందు, ఒక యాంటీబయాటిక్ ఉన్నాయేమో చూడండి. స్టెరాయిడ్ దేన్నయినా నాలుగు రోజులు చల్లారుస్తుంది. తామర మీద రాస్తే దురద తగ్గినట్టుండి ఫంగస్ లోలోపల పాకుతుంది, ఆకారం మారిపోతుంది, మాకూ పోల్చుకోవడం కష్టమవుతుంది. తొడల సందులో తెల్లటి చారలు పడితే అవి జీవితాంతం పోవు. మొహానికి రాస్తే చర్మం పలచబడి ఎర్రని నరాలు తేలుతాయి. సరైన జబ్బుకు, సరైన బలంలో, సరైన రోజులు వాడితే స్టెరాయిడ్ మంచి మందే. నేనూ రోజూ రాస్తాను. నెలనెలా వేయించుకునే డెక్సామెథాసోన్ ఇంజెక్షన్ మాత్రం ఎలర్జీకి వైద్యం కాదు. మా నాన్నకు షుగరు ఆ రెండేళ్లలోనే బయటపడింది.

మందు పడకపోతే ఎలా తెలుస్తుంది?

కొత్త మందు మొదలుపెట్టిన కొన్ని రోజుల నుంచి రెండు వారాల లోపు ఒళ్లంతా ఎర్రగా పేలితే అనుమానించండి. ఒక మాత్ర వేసుకున్న ప్రతిసారీ పెదవి మీదో, తొడ మీదో అదే చోట నల్లటి గుండ్రని మచ్చ మంటపెడితే ఆ మాత్రే కారణం. పేరు కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి. "తెల్లమాత్ర" అంటే ఎవరికీ అర్థం కాదు.

ఎప్పుడు ఆలస్యం చేయకూడదు?

దద్దుర్లతో పాటు నాలుక, గొంతు వాపు, గొంతు బొంగురు, ఆయాసం, కళ్లు తిరగడం ఉంటే వెంటనే 108కి ఫోన్ చేయండి. మనిషిని పడుకోబెట్టి కాళ్లు ఎత్తులో ఉంచండి. ఆయాసంగా ఉంటే కూర్చోనివ్వండి. దీనికి మందు తొడ కండలో వేసే అడ్రినలిన్. మాత్రలు మింగించి ఎదురుచూడొద్దు. తగ్గాక కూడా కొన్ని గంటలు ఆస్పత్రిలో ఉండాలి, మళ్లీ రావచ్చు.

ఏదైనా మందు వాడుతున్నప్పుడు జ్వరంతో పాటు నోరు పూసి, కళ్లు ఎర్రబడి, చర్మం నొప్పితో పొరలుగా ఊడుతుంటే అది కూడా ప్రాణం మీదకు వచ్చేదే. ఆ మందు ఆపి, నెల్లూరు పెద్దాస్పత్రికో, ఒంగోలు రిమ్స్‌కో, దగ్గర్లోని పెద్ద ఆస్పత్రికో అదే పూట చేరండి.

చూపించుకోవడానికి వచ్చేటప్పుడు ఏం తేవాలి?

వాడిన ట్యూబులు, మాత్రల స్ట్రిప్పులు అన్నీ, ఖాళీవైనా సరే. ఫోన్‌లో తీసిన ఫోటోలు. మొదట ఏ చోట మొదలైందో గుర్తు తెచ్చుకుని రండి, ఇప్పుడు ఎక్కడెక్కడ ఉందన్నదాని కన్నా అది నాకు ఎక్కువ పనికొస్తుంది. నాలుగు రోజులు ఊరెళ్తే తగ్గిందా, ఆదివారం సెలవైతే తగ్గిందా అన్నది కూడా. అనుమానం ఉన్న వస్తువు, జుట్టు రంగు ప్యాకెట్టు, స్టిక్కర్ బొట్టు అట్ట, పని గ్లౌజు తెచ్చుకోండి. వచ్చే ముందు రోజు ఏ క్రీమూ రాయొద్దు. పనికి వేసుకెళ్లే చెప్పులను కడిగి తేవద్దు, ఉన్నవి ఉన్నట్టే కవర్లో వేసుకుని రండి.